టెలీఫోటో జూమ్ లెన్స్ ఎంపిక: దూరం, వెలుతురు, బరువు మధ్య లెక్క

క్లుప్తంగా: దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపించే టెలీఫోటో జూమ్ లెన్స్ కొనే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్నలు రెండు. సబ్జెక్ట్ ఎంత దూరంలో ఉంటుంది? ఏ వెలుతురులో ఉంటుంది? ఈ రెండూ తేలితే లెన్స్‌లో ఎంత వెడల్పు గాజు కావాలో తేలుతుంది. గాజు వెడల్పు తేలితే బరువు కూడా దాదాపు తేలిపోయినట్టే. స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు), మౌంట్ (లెన్స్ కెమెరా బాడీకి తగిలే చోటు), టెలీకన్వర్టర్ (లెన్స్‌కూ బాడీకీ మధ్య పెట్టి దూరాన్ని ఇంకా దగ్గర చేసే అదనపు గాజు) ఆ తర్వాత వచ్చే విషయాలు. అయితే వాటిని పట్టించుకోకపోతే కొన్న లెన్స్ తన పూర్తి సామర్థ్యంతో పనిచేయకపోవచ్చు.

## 'ఎన్ని ఎక్స్?' అనే ప్రశ్నలోని చిక్కు

ఫోన్ కెమెరా నుంచి లెన్సులు మార్చుకునే కెమెరాకు వచ్చేవారు తరచూ అడిగే ప్రశ్న, 'ఈ లెన్స్ ఎన్ని ఎక్స్ జూమ్?' అని. ఫోన్‌లో ఆ అంకెకు ఒక అర్థం ఉంది. మెయిన్ కెమెరాలో కనిపించే దానికంటే ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో అది చెబుతుంది. కెమెరా లెన్సుల్లో ఎక్స్ అంటే వేరు. లెన్స్ మీద మిల్లీమీటర్లలో రాసి ఉండే ఫోకల్ లెంగ్త్ అంకెల్లో (అంకె పెద్దదైతే దూరంగా ఉన్నది అంత పెద్దగా కనిపిస్తుంది) పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తే వచ్చేది అది. ఆ లెక్కన కెమెరాతో పాటు వచ్చే 18-55 మి.మీ. కిట్ లెన్స్ 3 ఎక్స్. ఆటల పోటీల్లో ప్రొఫెషనల్ ఫొటోగ్రాఫర్ల దగ్గర కనిపించే 70-200 మి.మీ. కూడా దాదాపు 3 ఎక్సే. పక్షుల ఫొటోలకు వాడే 150-600 మి.మీ. లెన్స్ 4 ఎక్స్. 18-300 మి.మీ. సూపర్‌జూమ్ 16 ఎక్స్ దాటుతుంది కానీ, దూరంగా ఉన్నదాన్ని చూపించడంలో 150-600 ముందు సగమే.

కాబట్టి దూరాన్ని అందుకునే శక్తి చెప్పేది చివరి ఫోకల్ లెంగ్త్ మాత్రమే. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో (పాత ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్ ఉండేది) 50 మి.మీ. లెన్స్‌కు మూల నుంచి మూలకు సుమారు 47 డిగ్రీల మేర దృశ్యం కనిపిస్తుంది. 200 మి.మీ. దగ్గర అది 12 డిగ్రీలకు, 400 దగ్గర 6కు, 600 దగ్గర 4కు తగ్గుతుంది. ఇక్కడ గమనించాల్సింది అంకెల మధ్య తేడాను కాదు, నిష్పత్తిని. 200 నుంచి 300కు వెళ్తే సబ్జెక్ట్ ఒకటిన్నర రెట్లు పెద్దదవుతుంది. 500 నుంచి 600కు వెళ్తే పెరిగేది ఐదో వంతే. పెరిగింది అదే 100 మి.మీ. అయినా ఫలితం ఒకటి కాదు. 500 దగ్గర ఆగే తేలికైన లెన్స్‌ను 600 లేదన్న ఒక్క కారణంతో పక్కన పెట్టేవారు ఈ లెక్క ఒకసారి చూసుకోవడం మంచిది.

## సబ్జెక్ట్ సెన్సర్ మీద ఎంత పడుతుంది?

ఎంత ఫోకల్ లెంగ్త్ కావాలో ఊహించాల్సిన పనిలేదు. దూరపు సబ్జెక్టులకు ఒక సులువైన లెక్క ఉంది. ఫోకల్ లెంగ్త్‌ను దూరంతో భాగించి, వచ్చినదాన్ని సబ్జెక్ట్ ఎత్తుతో గుణిస్తే సెన్సర్ మీద పడే బొమ్మ ఎత్తు వస్తుంది.

స్టేజీకి 15 మీటర్ల దూరంలో కూర్చుని, 1.7 మీటర్ల ఎత్తున్న కళాకారుడిని 200 మి.మీ. దగ్గర తీస్తే బొమ్మ ఎత్తు దాదాపు 23 మి.మీ. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ ఎత్తు 24 మి.మీ. అంటే అడ్డంగా పట్టుకున్న ఫ్రేమ్‌లో తల నుంచి కాలి వరకు నిండుగా సరిపోతాడు. అదే మనిషి ఆటస్థలంలో 70 మీటర్ల అవతల ఉంటే 200 మి.మీ. దగ్గర బొమ్మ 5 మి.మీ. కూడా ఉండదు, ఫ్రేమ్‌లో ఐదో వంతు. 600 మి.మీ. దగ్గర దాదాపు 15 మి.మీ. వస్తుంది. పది మీటర్ల దూరంలో కొమ్మ మీద కూర్చున్న 15 సెంటీమీటర్ల పిచ్చుక 300 మి.మీ. దగ్గర 4.5 మి.మీ., 600 దగ్గర 9 మి.మీ. ఉంటుంది. పున్నమి చంద్రుడైతే 600 మి.మీ. లెన్స్‌కు కూడా సెన్సర్ మీద సుమారు 5.5 మి.మీ. చుక్కే.

పక్షుల ఫొటోలు తీసేవారికి 300 ఎందుకు చాలదో ఇప్పుడు స్పష్టమవుతుంది. 'తర్వాత క్రాప్ చేసుకోవచ్చు కదా', అంటే అంచులు కత్తిరించి మధ్య భాగం ఉంచుకోవచ్చు కదా అనేది సాధారణంగా వినిపించే మాట. చేసుకోవచ్చు. కానీ 300తో తీసి 600తో తీసినట్టు క్రాప్ చేస్తే మిగిలేవి నాలుగో వంతు పిక్సెళ్లు. 24 మెగాపిక్సెళ్ల ఫొటో 6 అవుతుంది. స్క్రీన్ మీద చూసుకోవడానికి అది సరిపోవచ్చు. ఈకల్లోని వివరం కావాలంటే చాలదు. ఇదే సూత్రం మరో దారి కూడా చూపిస్తుంది. పది మీటర్ల నుంచి ఐదు మీటర్లకు చేరగలిగితే ఫోకల్ లెంగ్త్ రెట్టింపు అయినట్టే. చాటు చూసుకుని, ఓపికగా కూర్చుని పక్షి దగ్గరకు వచ్చేదాకా ఆగేవారికి 400 మి.మీ. చాలాసార్లు సరిపోతుంది.

చిన్న సెన్సర్ విషయంలో ఒక అపోహ ఉంది. ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉండే ఏపీఎస్-సి కెమెరాకు 300 మి.మీ. తగిలిస్తే అది 450 అవుతుందని అంటుంటారు. లెన్స్ మారదు. సెన్సర్ చిన్నది కాబట్టి బొమ్మలో మధ్య భాగం మాత్రమే దానిమీద పడుతుంది. ఫ్రేమింగ్ 450 మి.మీ. లెన్స్‌తో తీసినట్టు కనిపిస్తుంది. కెనాన్ ఏపీఎస్-సి బాడీల్లో ఈ గుణకం 1.6, నికాన్, సోనీ, ఫుజిఫిల్మ్ బాడీల్లో 1.5, ఇంకా చిన్న సెన్సర్ ఉండే మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 2. అసలు లాభం పిక్సెళ్ల సాంద్రతలో ఉంది. 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సి సెన్సర్ ఆ మధ్య భాగానికే 24 మెగాపిక్సెళ్లు కేటాయిస్తుంది. 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ అదే భాగానికి ఇవ్వగలిగేది సుమారు 10. అయితే 45 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ ఉంటే అక్కడ దాదాపు 20 దొరుకుతాయి, తేడా దాదాపు చెరిగిపోతుంది.

## ఎఫ్ నంబర్ వెనక ఉన్న గాజు

లెన్స్ ఎంపికలో అన్నిటికంటే ఎక్కువ విషయం దాగి ఉన్నది ఇక్కడే. ఎఫ్ నంబర్ అంటే ఫోకల్ లెంగ్త్‌ను లెన్స్‌లోకి వెలుతురు వచ్చే ద్వారం వ్యాసంతో భాగిస్తే వచ్చేది. తిప్పి చెప్పుకుంటే, ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ నంబర్‌తో భాగిస్తే ఆ వెలుతురు ద్వారం ఎంత వెడల్పో తెలుస్తుంది.

200 మి.మీ. ఎఫ్/2.8కు ఆ వ్యాసం 71 మి.మీ. 300 మి.మీ. ఎఫ్/5.6కు 54. 600 మి.మీ. ఎఫ్/6.3కు 95. 600 మి.మీ. ఎఫ్/4కు ఏకంగా 150. టెలీఫోటో లెన్స్‌లో ముందున్న గాజు కనీసం ఈ వెడల్పైనా ఉండి తీరాలి. ఏ కంపెనీ ఎంత తెలివిగా డిజైన్ చేసినా దీన్ని తప్పించుకోలేదు. సోనీ 200-600, నికాన్ జెడ్ 180-600 లెన్సులు రెండింటికీ ఫిల్టర్ సైజు 95 మి.మీ. కావడానికి కారణం ఇదే. 600 మి.మీ. ఎఫ్/4 కొత్త ప్రైమ్ లెన్సులు (జూమ్ లేనివి) 3 కిలోల చుట్టూ తూగడానికీ, అవి అంత ఖరీదు కావడానికీ కారణం ఇదే.

ఈ దృష్టితో చూస్తే, పేర్లలో ఏ పోలికా లేని లెన్సులు పక్కపక్కన వచ్చి నిలబడతాయి. కెనాన్ ఆర్ఎఫ్ 100-500 మి.మీ. లెన్స్ చివర్లో ఎఫ్/7.1. 'ఇంత చీకటి లెన్సా?' అని అది వచ్చిన 2020లో చాలామంది పెదవి విరిచారు. 500ను 7.1తో భాగిస్తే 70. అంటే దాని వెలుతురు ద్వారం 70-200 ఎఫ్/2.8తో సమానం. అందుకే అది ట్రైపాడ్‌కు బిగించే పట్టీ (కాలర్) లేకుండా 1370 గ్రాముల దగ్గర ఆగింది. కెనాన్‌దే ఆర్ఎఫ్ 100-400 ఎఫ్/5.6-8 ఇంకా ముందుకు వెళ్లింది. ద్వారం 50 మి.మీ., బరువు 635 గ్రాములు. 2023లో వచ్చిన ఆర్ఎఫ్ 200-800 చివర్లో ఎఫ్/9, ద్వారం 89 మి.మీ.; 800 మి.మీ. చేరినా 600 మి.మీ. ఎఫ్/6.3 కంటే అది ఇరుకైనదే. ఇక్కడ మాయ ఏమీ లేదు. వెలుతురు ఇచ్చి ఫోకల్ లెంగ్త్ తెచ్చుకున్నారు, అంతే.

ఈ లెన్సులు ఇంతకు ముందు ఎందుకు రాలేదు? లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ కెమెరాల్లో ఆటోఫోకస్‌కు ఆ అద్దం కింద వేరే సెన్సర్ ఉండేది. లెన్స్ అంచుల నుంచి వచ్చే కిరణాలను పోల్చి అది ఫోకస్ లెక్కకట్టేది. అపర్చర్, అంటే ఆ వెలుతురు ద్వారం, మరీ చిన్నదైతే ఆ కిరణాలు దానికి అందవు. చాలా బాడీల్లో ఆ హద్దు ఎఫ్/5.6, మంచి బాడీల్లో కొన్ని పాయింట్లకు ఎఫ్/8. అందుకే ఆ కాలపు జూమ్‌లు ఎఫ్/5.6 దగ్గరో, సిగ్మా, టామ్రాన్ 150-600 లెన్సుల్లా ఎఫ్/6.3 దగ్గరో ఆగిపోయాయి. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరా మెయిన్ సెన్సర్ మీదే ఫోకస్ చూస్తుంది కాబట్టి ఆ హద్దు సడలింది. పాత డీఎస్ఎల్ఆర్ వాడుతున్నవారికి మాత్రం ఆ హద్దు ఇప్పటికీ ఉంది.

వెలుతురు ఇచ్చేసినందుకు చెల్లించాల్సిందేమిటో కూడా లెక్కకే వస్తుంది. ఎఫ్/2.8 నుంచి ఎఫ్/5.6కు రెండు స్టాపులు (ఒక్కో స్టాప్‌కు వెలుతురు సగమవుతుంది), అంటే నాలుగో వంతు వెలుతురు. సాయంత్రం ఫ్లడ్‌లైట్ల కింద ఆటగాళ్లను 1/1000 సెకనులో ఆపాలనుకుంటే ఎఫ్/2.8 దగ్గర ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ సున్నితత్వం) 3200 సరిపోయే చోట ఎఫ్/5.6 దగ్గర 12800 కావాలి. ఐఎస్ఓ పెరిగితే ఫొటోలో వచ్చే గరుకు చుక్కలను, అంటే నాయిస్‌ను, తగ్గించే సాఫ్ట్‌వేర్లు బాగా మెరుగుపడ్డాయి కాబట్టి ఈ తేడా ఒకప్పటంత భయపెట్టదు. అయినా వెంట్రుకలు, ఈకలు, బట్ట నేత వంటి సన్నని వివరాలు ముందుగా పోయేది అక్కడే. పగటి ఎండలో పక్షులు, జంతువులు తీసేవారికి ఎఫ్/6.3 అడ్డంకి కాదు. ఇండోర్ స్టేడియం, నాటక వేదిక, మసక వెలుతురున్న హాలు అయితే 70-200 ఎఫ్/2.8కు నిజమైన ప్రత్యామ్నాయం మరో జూమ్‌లో దొరకడం కష్టం. పగటి పూట ప్రయాణాల్లో వాడుకోవాలంటే 70-200 ఎఫ్/4 గానీ 70-300 గానీ తెలివైన ఎంపిక. ఎఫ్/2.8 'గొప్పది' కాబట్టి కొని, బరువు మోయలేక బీరువాలో పెట్టే లెన్స్ కంటే అవి ఎక్కువ ఫొటోలు ఇస్తాయి.

బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ కూడా ఇదే ద్వారంతో ముడిపడి ఉంది. సబ్జెక్ట్ మీద ఫోకస్ ఉన్నప్పుడు బాగా దూరంలోని దీపం ఒక గుండ్రని మచ్చగా పడుతుంది కదా. సబ్జెక్ట్ ఉన్న చోట కొలిస్తే ఆ మచ్చ వెడల్పు వెలుతురు ద్వారం వెడల్పుతో సమానం. 200 మి.మీ. ఎఫ్/2.8తో మనిషిని తీస్తే వెనక దీపాలు అతని పక్కన 7 సెంటీమీటర్ల బిళ్లల్లా కనిపిస్తాయి. 300 ఎఫ్/5.6తో 5.4 సెంటీమీటర్లు. 600 ఎఫ్/6.3తో 9.5. కాగితం మీద 'స్లో' అనిపించే 600 మి.మీ. జూమ్, వెనుక జాగా బాగా దూరంగా ఉంటే, ఎఫ్/2.8 లెన్స్ కంటే మెత్తని బ్యాక్‌గ్రౌండ్ ఇవ్వగలదు. కాకపోతే ఆ మనిషికి మూడు రెట్లు దూరంగా నిలబడాలి.

## స్టెబిలైజేషన్: చేతి వణుకుకే మందు

చేత్తో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ స్పీడ్ కనీసం ఫోకల్ లెంగ్త్‌కు విలోమంగా ఉండాలన్నది పాత సూత్రం. 400 మి.మీ.కు 1/400 సెకను. చిన్న సెన్సరైతే ఫోకల్ లెంగ్త్‌ను ముందు పైన చెప్పిన గుణకంతో గుణించాలి, ఎక్కువ మెగాపిక్సెళ్లయితే ఇంకా వేగం కావాలి. స్టెబిలైజేషన్ ఈ అవసరాన్ని చాలా తగ్గిస్తుంది.

అది లెన్స్‌లో ఉందా, బాడీలో ఉందా అన్నది టెలీఫోటోల్లో ముఖ్యం. కెమెరా అర డిగ్రీ వంగితే 50 మి.మీ. లెన్స్‌లో బొమ్మ 0.4 మి.మీ. జరుగుతుంది. 400 మి.మీ. లెన్స్‌లో 3.5 మి.మీ. జరుగుతుంది. బాడీలోని సెన్సర్ కదలగల దూరం చాలా పరిమితం కాబట్టి ఫోకల్ లెంగ్త్ పెరిగే కొద్దీ దాని సాయం తగ్గుతుంది. లెన్స్‌లోని గాజు కాస్త కదిలినా బొమ్మను ఎక్కువగా మళ్లించగలదు. అందుకే పొడవాటి లెన్సుల్లో లెన్స్‌లోపలి స్టెబిలైజేషన్‌కే మొగ్గు. 2020లో వచ్చిన టామ్రాన్ 70-300 మిర్రర్‌లెస్ లెన్స్ 545 గ్రాములే తూగడానికి ఒక కారణం అందులో స్టెబిలైజేషన్ లేకపోవడం. సోనీ ఏ6400 వంటి బాడీలో కూడా అది లేదు. ఈ రెండూ కలిస్తే మసక వెలుతురులో చేతి మీద నమ్మకం పెట్టుకోవాల్సిందే.

అయితే స్టెబిలైజేషన్ కదిలే సబ్జెక్టును ఆపలేదు. పరుగెత్తే మనిషికి 1/1000, ఎగిరే చిన్న పక్షికి 1/2000 లేదా అంతకంటే వేగం కావాలి. ఆ వేగాల దగ్గర చేతి వణుకు ఎలాగూ పెద్ద సమస్య కాదు. 'ఎన్ని స్టాపుల స్టెబిలైజేషన్' అన్న అంకె కదలని సబ్జెక్టులు తీసేవారికే ఎక్కువ ఉపయోగం.

## బరువు, లోపల జూమ్, బయటి జూమ్

70-200 ఎఫ్/2.8 లెన్సులు చాలా కాలం ఒకటిన్నర కిలోల దగ్గరే ఉన్నాయి. సోనీ మొదటి తరం 1480 గ్రాములు. 2021లో వచ్చిన రెండో తరం 1045. కెనాన్ 2019లో తెచ్చిన ఆర్ఎఫ్ లెన్స్ 1070 గ్రాములు. వెలుతురు ద్వారం మారలేదు. డిజైన్‌లో, బ్యారెల్ నిర్మాణంలో తగ్గించగలిగినంత తగ్గించారు. ఇక ముందు ఇంత పెద్ద తగ్గుదల రావడం కష్టమే.

ఆ 2019 కెనాన్ లెన్స్ జూమ్ చేస్తే బయటకు సాగుతుంది. అందుకే బ్యాగులో చిన్నదిగా ఇముడుతుంది. సోనీ 200-600, నికాన్ 180-600 జూమ్ చేసినా పొడవు మారదు. బ్యాగులో పొడుగ్గానే ఉంటాయి, కానీ మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) మీద, గింబల్ హెడ్ (బరువైన లెన్స్‌ను తేలిగ్గా తిప్పుకోనిచ్చే ట్రైపాడ్ తల) మీద బ్యాలెన్స్ చెదరదు. జూమ్ రింగు కొంచెం తిప్పితే చాలు. ఒకే చోట కూర్చుని గంటల తరబడి తీసేవారికి లోపలి జూమ్, నడుస్తూ తీసేవారికి బయటకు సాగేది నప్పుతుంది. రెండు కిలోల లెన్స్‌ను చేత్తో పైకెత్తి పట్టుకుంటే నిమిషాల్లోనే చేతులు వణకడం మొదలవుతుంది. అప్పుడు బరువు అంటే సౌకర్యం మాత్రమే కాదు, ఫొటో స్పష్టత కూడా.

దగ్గరి ఫోకస్ చాలామంది పట్టించుకోని విషయం. తూనీగలు, సీతాకోకచిలుకలు కూడా తీయాలనుకుంటే గరిష్ఠ మాగ్నిఫికేషన్ (అసలు సైజుతో పోలిస్తే సెన్సర్ మీద బొమ్మ ఎన్ని రెట్లో చెప్పే అంకె) చూడాలి. పైన చెప్పిన 635 గ్రాముల 100-400 లెన్స్ 0.41 రెట్లు ఇస్తుంది. సోనీ 70-200 ఎఫ్/4 రెండో తరం 0.5 ఇస్తుంది.

## మౌంట్ పెట్టే షరతులు

లెన్స్ బాడీకి తగిలితే చాలదు, రెండూ ఒకదానితో ఒకటి పూర్తిగా మాట్లాడుకోవాలి. సోనీ వేగవంతమైన బాడీల్లో ఇతర కంపెనీల లెన్స్ పెడితే వరుస షూటింగ్ సెకనుకు 15 ఫ్రేముల దగ్గర ఆగుతుంది. ఆ ఇతర కంపెనీల టెలీఫోటోలు సోనీ టెలీకన్వర్టర్లతో కూడా పనిచేయవు. కెనాన్ ఆర్ఎఫ్ మౌంట్‌కు సిగ్మా, టామ్రాన్ 2024లో ఏపీఎస్-సి లెన్సులు ప్రకటించాయి. కెనాన్ డీఎస్ఎల్ఆర్‌ల కోసం చేసిన పాత ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో ఆర్ఎఫ్ బాడీల్లో ఆటోఫోకస్‌తో సహా చక్కగా పనిచేస్తాయి. నికాన్‌లో కొంచెం జాగ్రత్త అవసరం. బాడీలోని మోటారుతో తిరిగే పాత ఏఎఫ్-డి లెన్సులకు, డీఎస్ఎల్ఆర్ లెన్సులను మిర్రర్‌లెస్ బాడీకి తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద ఆటోఫోకస్ ఉండదు. ఏఎఫ్-పి రకం 70-300 లెన్స్ కొన్ని పాత డీఎస్ఎల్ఆర్‌లలో అసలు ఫోకస్సే అవదు.

ఫోకల్ లెంగ్త్‌ను అన్ని రెట్లు పెంచే టెలీకన్వర్టర్ చాలామందికి సులువైన దారిలా కనిపిస్తుంది. 1.4 ఎక్స్ పెడితే ఒక స్టాప్, 2 ఎక్స్ పెడితే రెండు స్టాపులు పోతాయి. వెలుతురు ద్వారం పెరగదు కదా. ఎఫ్/2.8 లెన్స్ అయితే ఈ నష్టాన్ని తట్టుకుంటుంది. 400 ఎఫ్/5.6 మాత్రం 560 ఎఫ్/8 అవుతుంది. 600 ఎఫ్/6.3 మీద పెడితే ఎఫ్/9 అవుతుంది, చాలాసార్లు క్రాప్ చేసుకోవడమే మేలనిపిస్తుంది. పైగా ప్రతి లెన్సూ కన్వర్టర్‌ను తీసుకోదు. 2019 నాటి కెనాన్ ఆర్ఎఫ్ 70-200 ఎఫ్/2.8 తీసుకోదు, 100-500 తీసుకున్నా 300 మి.మీ. పైనే.

## కొన్నాక పరీక్ష ఎలా?

టెలీఫోటో జూమ్ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువగా వినిపించేది, 'చివరి ఫోకల్ లెంగ్త్ దగ్గర షార్ప్‌గా లేదు' అని. నిజంగా లెన్స్ లోపం ఉండవచ్చు. కానీ ఎక్కువసార్లు కారణం గాలి. ఎండకు వేడెక్కిన నేల, రోడ్డు, నీటి మీది నుంచి లేచే వేడి గాలి కాంతిని అటూ ఇటూ వంచుతుంది. వంద మీటర్ల అవతల ఉన్న సబ్జెక్ట్ ఎంత మంచి లెన్స్‌తో తీసినా అలలు అలలుగా వస్తుంది. స్టెబిలైజేషన్, షట్టర్ స్పీడ్ ఏవీ దీన్ని సరిచేయలేవు.

అందుకే లెన్స్‌ను ముందుగా 10, 15 మీటర్ల దూరంలో, నీడలో, గట్టి ట్రైపాడ్ మీద పరీక్షించాలి. చివరి ఫోకల్ లెంగ్త్, పూర్తిగా తెరిచిన అపర్చర్, 1/1000 సెకను. ఒకే వస్తువు మీద ప్రతిసారీ ఫోకస్ తప్పించి మళ్లీ పట్టి పది ఫొటోలు తీయాలి. ముందు అతికించిన చవక ఫిల్టర్ ఉంటే తీసేయాలి. టెలీఫోటోల్లో అది కూడా స్పష్టతను దెబ్బతీస్తుంది. పదింటిలో కొన్ని షార్ప్‌గా, కొన్ని మసకగా వస్తే అనుమానం ఫోకస్ మీద. అన్నీ ఒకేలా మసకగా ఉంటే, లేదా ఒక పక్క మాత్రమే మసకగా ఉంటే లెన్స్ మార్చమని అడగవచ్చు. అన్నీ షార్ప్‌గా వచ్చి, దూరపు ఫొటోలు మాత్రమే మెత్తగా ఉంటే అదే దూరాన్ని తెల్లవారుజామున, నేల వేడెక్కకముందు తీసి చూడాలి. అప్పుడు బాగా వస్తే లెన్స్‌లో లోపం లేనట్టే.